సీ వరల్డ్ టికెట్ డబ్బులు నిజంగా జంతువులకి పనికొస్తాయా?

ఓర్లాండో_నాన్న

అందరికీ నమస్కారం. ఒక చిన్న డౌటు, చిన్నది అంటున్నా గానీ మా ఇంట్లో రెండు వారాలుగా ఇదే గొడవ. మేం ఉండేది ఓర్లాండోలో. ఇక్కడుండే తెలుగువాళ్ల సంగతి తెలిసిందే కదా, ఇండియా నుంచి ఎవరు దిగినా మొదటిరోజు డిస్నీ, రెండోరోజు సీ వరల్డ్ (సముద్ర జంతువుల షోలుండే పార్కు), మూడోరోజు గుడి, ఆ తిప్పడంలో టికెట్లు కొని కొని విసుగొచ్చి యాన్యువల్ పాసులే తీసేసుకున్నాం.

మా అమ్మాయి నాలుగో క్లాసు. జంతువుల పార్కుల వల్ల జంతువులకి మేలా కీడా, ఏదో ఒక పక్షం తీసుకుని రాయమని స్కూల్లో ప్రాజెక్ట్ ఇచ్చారు. మేలే అని హుషారుగా మొదలెట్టింది, మర్నాడు క్లాసులో ఎవరో పిల్ల "అది జైలు, మీరు జైలుకి డబ్బులు కడుతున్నారు" అందట, ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. మా ఆవిడేమో పాసులు క్యాన్సిల్ చేసెయ్యి అంటుంది. మా నాన్నగారు ఇప్పుడు ఇక్కడే ఉన్నారు, ఆయనేమో "ఎద్దుకి ముక్కుతాడు వేస్తే తప్పులేదు గానీ చేపకి తొట్టి కడితే తప్పొచ్చిందా" అంటారు, తిమింగలం చేప కాదు తాతయ్యా అని దాని మీద ఇంకో గంట.

నేను చూసింది చెప్తా. మొన్న ఆదివారం వెళ్లాం, ఓర్కా (కిల్లర్ వేల్ అంటారే, అది) షో స్టేడియం నిండిపోయింది, ముందు వరసల్లో కావాలని తడవడానికే కూర్చుంటారు కదా, మావాళ్లూ కూర్చున్నారు. అదయ్యాక జనం తిండి వైపు వెళ్తే మేం మానటీలుండే చోటికి వెళ్లాం, అదే, సముద్రపు ఆవు అంటారు. పదిమంది కూడా లేరక్కడ. ఒకదాని వీపు మీద తెల్లగా గీతలున్నాయి, ఒకదాని పక్కన ఒకటి సమానంగా, దువ్వెన పెట్టి గట్టిగా గీసినట్టు. ఏంటవి అని పాప అడిగితే అక్కడ పనిచేసే ఆవిడ బోటు ప్రొపెల్లర్ తగిలిందని చెప్పింది. అంతే, పాప ఇంక కదల్లేదు. అరగంట. ఆ జంతువు మూతి మన ఊళ్లో గేదెదూడ మూతిలాగే ఉంటుంది, లెట్యూస్ ఆకు రెండు పెదాలతో పట్టుకుని లోపలికి తోసుకుంటుంటే నాకే చూడబుద్ధేసింది.

ఇప్పుడు నేనడిగేది ఏంటంటే, నేను కట్టే డబ్బుల్లో ఆ తొట్టికి పోయేది ఎంత, స్టేడియానికి పోయేది ఎంత? పాపకి ఏం చెప్పమంటారు? తెలిసినవాళ్లు చెప్పండి, తిట్టుకోవద్దు దయచేసి.

టాంపా_సుబ్బు

అన్నా, ఈ విషయంలో నాకు కొంచెం తెలుసు. నాలుగేళ్లుగా శనివారాలు ఒక మానటీ హాస్పిటల్లో వాలంటీర్‌గా వెళ్తున్నా, పేరు వద్దులే. డాక్టర్ పనేం కాదు, లెట్యూస్ పెట్టెలు విప్పడం, తొట్టి పక్కన తుడవడం. ఒక్కో పెద్ద మానటీ 450 కిలోల పైన ఉంటుంది, రోజుకి తన బరువులో పదోవంతు దాకా ఆకు తింటుంది, మా ఆవిడ వారం కూరగాయల బిల్లు చూసి ఏడుస్తుంది గానీ అక్కడ ఒక్కపూట బిల్లు చూపించాలి.

ఎలా జరుగుతుందంటే, ఎవరో బోటులో వెళ్తూ ఒక మానటీ పక్కకి ఒరిగి తేలుతోందని రాష్ట్ర వైల్డ్‌లైఫ్ వాళ్లకి ఫోన్ చేస్తారు. వాళ్లూ, పార్కుల రెస్క్యూ టీములూ కలిసి వల వేసి పట్టి, కింద పరుపు వేసిన ట్రక్కులో ఎక్కించి, దారంతా ఒంటి మీద నీళ్లు పోస్తూ తీసుకొస్తారు. ఒరిగి తేలుతోందంటే చాలాసార్లు బోటు గుద్ది పక్కటెముక విరిగి ఊపిరితిత్తికి చిల్లు పడిందని అర్థం. గాలి బయటికి వచ్చి ఛాతీలో ఒకవైపు నిలిచిపోతుంది, ఇంక అది మునగలేదు, మునగలేకపోతే గడ్డి తినలేదు. అలాంటిదానికి వెట్‌సూట్ తొడుగుతారు, నమ్ముతారా, మనుషులు సముద్రంలో వేసుకునే ఆ నల్ల రబ్బరు గుడ్డే, దాని సైజుకి కుట్టి, సమతూకం కోసం బరువులు పెడతారు. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది, పక్కనున్న డాక్టరమ్మ చూపు చూసి ఆపేశా.

అంత తీవ్రంగా దెబ్బతిన్నవాటిని చేర్చుకోగల చోట్లు ఫ్లోరిడా మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మీ సీ వరల్డ్ ఓర్లాండో, ఇక్కడ మా టాంపా జూ, జాక్సన్‌విల్ జూ అందులోవే. అంటే టికెట్ అమ్ముకునే చోట్లే. 2021లో ఒక్క ఏడాదిలో ఫ్లోరిడాలో 1,100 పైగా మానటీలు చచ్చిపోయాయి, ఇండియన్ రివర్ లగూన్‌లో నీళ్లు పాడైపోయి అడుగున ఉండే సముద్రపు గడ్డి పోయింది, తిండి లేక ఆకలికి చచ్చాయి. ఆ చలికాలం ప్రభుత్వమే 2 లక్షల పౌండ్ల పైన లెట్యూస్ తెచ్చి నీళ్లలో వెయ్యాల్సి వచ్చింది. అప్పుడు ఈ తొట్లన్నీ కిటకిటలాడాయి, ఈ పార్కులు లేకపోతే వాటిని ఎక్కడ పెట్టేవాళ్లో నాకైతే తెలీదు.

బాగైనవాటిని వీలైనంతవరకు దొరికిన చోటికి దగ్గర్లోనే వదుల్తారు, కొన్నిటికి తోక దగ్గర బెల్టు కట్టి దానికి శాటిలైట్ ట్యాగ్ తగిలిస్తారు, అది నీళ్ల మీద తేలుతూ వెనకే వెళ్తుంది. సీ వరల్డ్ అన్ని పార్కులూ కలిపి ఇన్ని దశాబ్దాల్లో 40 వేల జంతువులకి పైగా కాపాడామని చెప్పుకుంటుంది, మానటీలే కాదు, తాబేళ్లు, సీ లయన్లు, పక్షులు అన్నీ కలిపి. పాపని ప్రాజెక్టులో ఆ దువ్వెన గీతల గురించే రాయమను అన్నా. అంతకంటే మంచి పాయింట్ దొరకదు.

పుల్లవిరుపు

సుబ్బు గారూ, మీరు చేసే పనికి దణ్ణం. కానీ ప్రశ్న అది కాదుగా. మానటీ ఆస్పత్రి నడపాలంటే ఓర్కా సర్కస్ ఎందుకు నడపాలి?

ఒకసారి చరిత్ర చూడండి. 60ల్లో, 70ల్లో ఈ పార్కుల కోసమే వాషింగ్టన్ రాష్ట్రం తీరంలో ఓర్కా గుంపులని పడవలతో తరిమి, వలల్లో ఇరికించి, పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి లాక్కొచ్చారు. ఆ గుంపు ఇప్పటికీ కోలుకోలేదు, 2005లో అమెరికా ప్రభుత్వం దాన్ని అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నవాటి లిస్టులో పెట్టింది, ఇప్పుడు 80 కూడా లేవు. పిల్లల్ని కనే వయసుకి రావాల్సిన తరం తరాన్నే ఎత్తుకుపోయాక ఇప్పుడు "సంరక్షణ" అని బోర్డు పెడితే ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నట్టుంది.

టిలికుమ్ అనే ఓర్కా సంగతి అందరికీ తెలుసు. 1983లో ఐస్‌లాండ్ దగ్గర రెండేళ్ల పిల్లగా పట్టుకున్నారు, 2010లో మీ ఓర్లాండోలోనే దాని దాడిలో ట్రైనర్ ప్రాణం పోయింది, 2013లో దాని మీద డాక్యుమెంటరీ వచ్చి జనం తిట్టిపోస్తేనే కదా 2016 మార్చిలో ఓర్కాల బ్రీడింగ్ ఆపేస్తామని ప్రకటించారు. వాళ్లంతట వాళ్లు మారలేదు, టికెట్లు పడిపోయాక మారారు.

డబ్బు లెక్క అడిగారు కదా. వాళ్ల కన్సర్వేషన్ ఫండ్ 2003లో మొదలైంది, ఇప్పటిదాకా మొత్తం కలిపి ఇచ్చింది 20 మిలియన్ డాలర్ల లెక్కలో ఉంటుంది. కంపెనీ ఆదాయం 2023 ఒక్క ఏడాదికే 1.7 బిలియన్ డాలర్లు. మీరే భాగించుకోండి. డిస్నీ ఫండ్ నయం, 1995 నుంచి 100 మిలియన్లు దాటింది, కానీ డిస్నీ సైజు ముందు అదీ చిల్లరే.

ఇంకో మాట. మన దేశం ఈ విషయంలో అమెరికా కంటే ముందుంది. డాల్ఫిన్ పార్కులకి పర్మిషన్ ఇచ్చేది లేదని 2013లోనే కేంద్రం తేల్చి చెప్పేసింది. ఎప్పుడూ మనవాళ్లని తిట్టుకోవడమే గానీ ఇలాంటివి ఎవరూ చెప్పుకోరు.

టాంపా_సుబ్బు

@పుల్లవిరుపు ఫండ్ వేరు, రెస్క్యూ ఖర్చు వేరు బ్రో. ఆ ఫండ్ బయటి సంస్థలకి ఇచ్చే గ్రాంట్లు. ట్రక్కులు, డాక్టర్లు, లెట్యూస్ కంపెనీ సొంత ఖర్చులో వస్తాయి, అది మీ భాగహారంలో లేదు. ఓర్కాల గురించి మాత్రం నేను వాదించను, నేనూ ఆ షోకి వెళ్లను.

శాన్‌డియాగో_బాబాయ్

ఆలస్యంగా వచ్చాను, ఇక్కడ అప్పుడే వేడెక్కింది. నేను 22 ఏళ్లుగా శాన్‌డియాగో పక్కన ఉంటున్నాను, సీ వరల్డ్ మొదటి పార్కు 1964లో తెరిచింది మా ఊళ్లోనే, కానీ నేను దాని గురించి చెప్పను, ఎస్కాండిడోలో శాన్‌డియాగో జూ వాళ్ల సఫారీ పార్క్ ఉంది, దాని గురించి చెప్తాను. దాన్ని కూడా జూ అనాలో థీమ్ పార్కు అనాలో తెలీదు, ట్రామ్ ఎక్కిస్తారు, పార్కింగ్‌కి వేరే పిండుతారు.

కాలిఫోర్నియా కాండోర్ అని ఒక పక్షి. రాబందు జాతే, రెక్కలు చాపితే తొమ్మిది అడుగుల పైన, తల బోడిగా నారింజ రంగు, అందంగా ఉంటుందని ఎవరూ అనరు. 1982కి ప్రపంచం మొత్తంలో 22 మిగిలాయి. అప్పుడు పెద్ద గొడవ, గౌరవంగా అడవిలోనే చావనివ్వండి అని ఒక వర్గం, పట్టుకుని పెంచుదామని ఒక వర్గం. మన పుల్లవిరుపు గారు అప్పుడుంటే మొదటి వర్గంలో ఉండేవారేమో. చివరికి 1987 ఏప్రిల్లో ఆఖరి అడవి పక్షిని కూడా పట్టేశారు, అప్పుడు భూమ్మీద ఉన్నవి మొత్తం 27, అన్నీ బోనుల్లోనే, శాన్‌డియాగోలోనూ లాస్ ఏంజెలస్ జూలోనూ.

తర్వాత వాళ్లు చేసిన పని మన పల్లెటూరి ఆడవాళ్లకి చెప్తే ఇట్టే అర్థమవుతుంది. కాండోర్ పెట్టేది ఒక్కటే గుడ్డు, అదీ రెండేళ్లకోసారి. ఆ గుడ్డు తీసేస్తే ఇంకోటి పెడుతుంది. తీసిన గుడ్డుని మెషీన్లో పొదిగిస్తారు. కోడిగుడ్లు దాచేసినట్టే! కానీ పొదిగాక చిక్కు, మనుషులు తినిపిస్తే ఆ పిల్ల మనిషినే తల్లి అనుకుంటుంది, రేపు వదిలితే అడవికి పోకుండా జనం దగ్గరకే వస్తుంది. అందుకని కాండోర్ తలలాగే తోలుబొమ్మ చేసి, చేతికి తొడుక్కుని, తెర వెనక నుంచి దాంతో తినిపించారు. ఎర్ర కళ్లు, ముడతలు పడ్డ మెడ, వంకీ ముక్కు, అచ్చం తల్లి మొహమే. అలాంటి బొమ్మని నేను అద్దాల పెట్టెలో చూశాను, మన తోలుబొమ్మలాట వాళ్లకి చూపిస్తే ఇంకా బాగా చేసేవాళ్లనిపించింది.

1992లో మళ్లీ అడవిలో వదలడం మొదలెట్టారు. ఇప్పుడు మొత్తం 500 దాటాయి, సగానికి పైగా బయటే ఎగురుతున్నాయి. అయితే కథ అక్కడ అయిపోలేదు. వేటగాళ్లు వదిలేసిన కళేబరాల్లో సీసం తూటా ముక్కలుంటాయి, అవి తిని ఇప్పటికీ చస్తున్నాయి. పట్టుకొచ్చి రక్తం పరీక్ష చేసి, సీసం దింపి, మళ్లీ వదలడం, ఏటా ఇదే పని. కాలిఫోర్నియాలో 2019 నుంచి వేటకి సీసం తూటాలు పూర్తిగా నిషేధం. పక్కరాష్ట్రానికి ఎగిరి వెళ్తే అక్కడ ఆ చట్టం లేదు, పక్షికి బార్డర్ ఏం తెలుస్తుంది.

బాబూ ఓర్లాండో నాన్నా, జనం సఫారీ పార్కుకి కాండోర్ కోసం రారు. జిరాఫీకి ఆకు తినిపించి ఫొటో దిగడానికి వస్తారు. ఆ ఫొటో డబ్బులే ఈ బోడి పక్షికి తిండి పెట్టాయి. నాకు ఇందులో తప్పేం కనపడదు. పుల్లవిరుపు గారికి ఒక్కటి చెప్తా, 60ల కంటే ముందు ఓర్కా అంటే జనానికి దయ్యం, జాలర్లు కనిపిస్తే కాల్చేవాళ్లు, పార్కుల కోసం పట్టుకున్నవాటిలో కొన్నిటి ఒంట్లో పాత తూటా గాయాలుండేవి. వాటిని దగ్గర్నుంచి చూశాకే జనం మనసు మారింది, మారిన జనమే ఇవాళ స్టేడియం మూసెయ్యమంటున్నారు. మీరూ నేనూ అందులోవాళ్లమే.

అత్తాపూర్_పోరడు

అన్నలు అందరు అమెరికా ముచ్చట్లే చెప్తున్రు, జర మన హైదరాబాద్ది కూడ వినున్రి.

నేను అత్తాపూర్ల ఉంట. మా ఇంటికాడికెల్లి కొంచెం ముంగటికి పోతే లాకోన్స్ ఉంటది, సీసీఎంబీ (జీవకణాల మీద పరిశోధన జేసే సర్కారు సంస్థ) వాళ్లది, అంతరించే జంతువుల మీద పనిజేసే ల్యాబ్. రోజు గేటు ముంగట బస్సు ఎక్కెటోళ్లకు కూడ లోపల ఏం జేస్తరో తెల్వదు. వాళ్లు, నెహ్రూ జూ వాళ్లు కలిసి 2010ల మూషిక జింకల బ్రీడింగ్ సెంటర్ షురూ చేసిన్రు. మూషిక జింక అంటే మస్తు చిన్నది, మూడు కిలోలు ఉంటే ఎక్కువ, మన కుందేలు ఎంతనో అంతే. కొమ్ములు ఉండయ్, మగదానికి బయటికి పొడుచుకొచ్చిన కోరపండ్లు ఉంటయ్. రాత్రిపూట ఒక్కతే తిరుగుతది, సప్పుడైతే సాలు బెదిరి సస్తది. నల్లమలల ఉచ్చులు వెట్టి పట్టుకొని తింటుండె, కుక్కలు కొంత.

ఏదో కొన్నిటితోని మొదలువెడితే జూల వాటి సంఖ్య రెండు వందలు దాటింది. ఈనిన కొన్ని గంటల్నే మళ్ల చూలు కడుతదట గది, గా లెక్కలన్ని ల్యాబోళ్లు తీసిన్రు. అటెన్క అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ల కంచె ఏసిన జాగల కొన్ని రోజులు ఉంచి, అలవాటైనంక అడవిల ఇడిసిన్రు. అమ్రాబాద్ల పులి మీద వార్త రాయని పేపర్ లేదు, గీ జింక మీద రాసేది ఎప్పుడో ఒకసారి.

నేను చెప్పేదేంటంటే అన్నా, గా సెంటర్ జూకి వచ్చిన జనానికి కనవడది. కనవడనియ్యరు కూడ. జనం సప్పుడుకు అయి పిల్లలు పెట్టయ్. ఒక జూల నేను కండ్లార చూసిన, పులి లేస్తలేదని ఒకడు పాప్‌కార్న్ కవర్ల గులకరాయి ఏసి ఇసిరిండు, ఎనక పిల్లలు నవ్వుతున్రు, గదే వాళ్లు నేర్సుకునే చదువు. టికెట్ డబ్బులు మంచిపనికే పోతుండొచ్చు, టికెట్ కొన్నోడు ఏం నేర్సుకొని పోయిండన్నది వేరే లెక్క.

గుంటూరు_టీచరమ్మ

పోరడు గారు చివర్లో అన్నది నిజం, నా రంగం అదే కాబట్టి చెప్తున్నా. 2007లో అమెరికా జూల సంఘం ఒక పెద్ద సర్వే చేయించి, జూకి వచ్చినవాళ్ల ఆలోచన మారుతోందని ప్రకటించుకుంది. 2010లో వేరే సైంటిస్టులు దాన్ని విప్పి చూసి అసలు అడిగిన పద్ధతే సరిగ్గా లేదు, అది రుజువు కాదు అన్నారు. తర్వాత 2014లో లండన్ జూకి వెళ్లిన పిల్లల మీద ఇంకో స్టడీ వచ్చింది, వెళ్లేముందు ఒక బొమ్మ గీయించి, వచ్చాక ఇంకో బొమ్మ గీయించి చూశారు. జూ వాళ్ల టీచర్ దగ్గరుండి చెప్పిన పిల్లల్లో 41 శాతం మంది కొత్తది నేర్చుకున్నారు, ఊరికే తిరిగొచ్చినవాళ్లలో 34 శాతం. అంటే దగ్గరుండి చెప్పినా సగం మందికి ఎక్కలేదు, మా స్టాఫ్‌రూమ్‌లో ఇది చెప్తే మా హెచ్చెమ్ "క్లాసులో అయితే అంత కూడా ఉండదు కదమ్మా" అన్నారు, నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

నేను ఏడో తరగతి పిల్లల్ని వైజాగ్ జూకి తీసుకెళ్లాను, కంబాలకొండ పక్కన. ఇంతకుముందు తీసుకెళ్లినప్పుడు అన్నీ చూపించాలని పరిగెత్తించి, సాయంత్రానికి ఏం చూశార్రా అంటే అందరూ "ఏనుగు, ఐస్‌క్రీమ్" అన్నారు. ఈసారి మూడే చూద్దాం అన్నా. అందులో ఒకటి రేచుకుక్కలు, అంటే అడవికుక్కలు. వైజాగ్ జూ వాటి బ్రీడింగ్‌కి పేరుపడ్డ చోటు. పిల్లలకి ముందు చిరాకు, మా వీధిలో లేవా టీచర్ కుక్కలు అని. అక్కడ పనిచేసే ఆయన ఒక పావుగంట నిలబడి చెప్పాడు, ఇవి మొరగవు, ఒకదాన్నొకటి ఈల వేసుకుని పిలుచుకుంటాయి, గుంపుగా వేటాడతాయి, కూనలు తిన్నాకే పెద్దవి తింటాయి అని. అప్పుడే ఒకటి నిజంగా ఈల వేసింది! మా వాళ్లు బస్సులో గుంటూరు దాకా ఈలలే, డ్రైవర్ రెండుసార్లు బండి ఆపి తిట్టాడు. కానీ ఏడాది తర్వాత కూడా అడిగితే ఆ కుక్క గురించి ఠకఠకా చెప్తారు.

కాబట్టి బాబూ, పాస్ ఉంచుకుంటారో తీసేస్తారో మీ ఇష్టం, వెళ్తే మాత్రం షోల టైమింగులు పట్టుకుని పరిగెత్తకండి. మీ పాప అరగంట నిలబడింది అన్నారే, అక్కడే ఇంకో అరగంట నిలబడనివ్వండి.

పుల్లవిరుపు

బాబాయ్ గారూ, మీ కాండోర్ పాయింట్ ఒప్పుకుంటా. దాన్ని బోనులో పెట్టింది బయటికి వదలడానికి. ఓర్కాని పెట్టింది దేనికి? సీ వరల్డ్ వాళ్లు ఒక్క ఓర్కాని కూడా తిరిగి సముద్రంలో కలపడానికి పెంచలేదు కదా. నా గొడవ ఆ ఒక్కదాని మీదే, మిగతా వాటి మీద కాదు. మొదటి పోస్టులో కాస్త ఎక్కువ మాట్లాడాను, సుబ్బు గారు ఏమనుకోకండి.

ఓర్లాండో_నాన్న

అందరికీ పేరుపేరునా థాంక్స్, ఇంత మంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. రాత్రి ఇవన్నీ పాపకి చదివి వినిపించా, తెలుగు చదవలేదు గానీ వింటే అర్థమవుతుంది. తోలుబొమ్మ దగ్గర ఆపి రెండుసార్లు చెప్పించుకుంది. మా నాన్నగారికి వెట్‌సూట్ ముక్క నచ్చింది, "గేదెకి చొక్కా కుట్టారన్నమాట" అని ఇంకా నవ్వుతున్నారు.

ప్రాజెక్ట్ తిరగ రాసింది. మేలా కీడా అనే దగ్గర రెండిటికీ టిక్కు పెట్టి, టీచర్ ఒప్పుకోకపోతే నువ్వొచ్చి మాట్లాడాలి అంది. ఓర్కాది కీడు వైపు, మానటీది మేలు వైపు, కాండోర్ కూడా మేలు వైపే. మూషిక జింకది కూడా వెయ్యాలంది, బొమ్మ గీసింది కానీ కుందేలుకి కోరలు పెట్టినట్టుంది. పాస్ ఈ ఏడాది అయ్యేదాకా ఉంటుంది, ఎలాగూ డబ్బులు వెనక్కివ్వరు, ఓర్కా షోకి మాత్రం ఇంక వెళ్లం అని మా ఆవిడ, పాప కలిసి తీర్మానం చేశారు, నన్నెవరూ అడగలేదు.

సుబ్బు గారూ, ఇప్పుడు కొత్త కోరిక పుట్టింది, బయట తిరిగే మానటీలని చూడాలట, తొట్టిలోవి కాదు. ఎక్కడ బాగుంటుంది?

టాంపా_సుబ్బు

అన్నా మీకు పక్కనే ఉందిగా, బ్లూ స్ప్రింగ్ స్టేట్ పార్క్, ఆరెంజ్ సిటీలో, ఓర్లాండో నుంచి గంట లోపే. ఆ ఊట నీళ్లు ఏడాదంతా 22 డిగ్రీల దగ్గరే ఉంటాయి. నది నీళ్లు 20 కంటే కిందికి పడితే మానటీలకి చలి జబ్బు చేస్తుంది, అందుకని చలికాలం అన్నీ అక్కడికి చేరతాయి. 1970ల మొదట్లో అక్కడ లెక్కపెడితే 11 ఉండేవి, 2024 జనవరిలో ఒక్కరోజే 932 లెక్కతేలాయి. అక్కడివాళ్లు ఒక్కోదాన్నీ వీపు మీద గీతలు చూసే గుర్తుపడతారు, పాపకి ఇది చెప్పండి. చలికాలం అంతా నీళ్లలోకి దిగనివ్వరు, ఒడ్డున చెక్క నడవ మీద నుంచే చూడాలి.

బాగా చలిగా ఉన్న పొద్దున వెళ్లండి, ఎంత చలైతే అన్ని ఎక్కువ. 8కి గేటు తీస్తారు, వీకెండ్ అయితే అంతకంటే ముందే కార్ల లైను కట్టేస్తుంది, లోపల నిండిపోతే గేటు మూసేస్తారు. నాన్నగారికి కోటు మర్చిపోకండి.

ఓర్లాండో_నాన్న

శనివారం 7కల్లా లైన్లో ఉంటాం. మా నాన్నగారు ఇప్పటి నుంచే మంకీ క్యాప్ వెతుక్కుంటున్నారు.